అనుపు రోజు పడవ షికారు

నా పెళ్లి ముహూర్తం పెట్టకముందే మునగబోయింది. ముంచబోయింది ఇంకెవరైనా అయితే ఇన్నాళ్లూ హాయిగా తిట్టుకుంటూ బతికేవాణ్ణి. తెడ్డు పట్టుకున్నది నేనే.

పలాసలో జీడిపప్పు వ్యాపారం చేసుకునే నాకు ఉన్నట్టుండి పడవ పిచ్చి పట్టింది. ఇద్దరు పట్టే ప్లాస్టిక్ కయాక్ ఒకటి ఆన్‌లైన్లో కొన్నాను. నా స్నేహితుడు కామేశుది మహేంద్రతనయ నది సముద్రంలో కలిసేచోట చిన్న పల్లె. వాళ్ల చెల్లెల్ని నాకిద్దామనుకుంటున్నారు. ఆ రోజు వాళ్లూరి అమ్మవారి అనుపు. అరటిబోదెల తెప్ప మీద దీపం, ఘటం పెట్టి అమ్మవారిని నీళ్లలోకి సాగనంపుతారు. ఊరి కీడంతా ఆమెతో పోతుంది. ఆ తర్వాత ఎవరూ ఆమె వైపు తిరిగి చూడకూడదు. రాత్రి భోజనాలయ్యాక ముహూర్తం మాట్లాడుకుందాం రమ్మన్నారు. అందరిలా ఆటోలో వెళ్తే నా గొప్పేముంది? ఎగువ నుంచి నదిలో వెళ్దామని కామేశుని ఒప్పించాను.

తుపాను వెలిసి ఎన్నాళ్లో కాలేదు. అంత వెడల్పు నది నిండా కొబ్బరి మొదళ్లు, జీడికొమ్మలు, ఎవరింటిదో తలుపు. పొద్దు వాలేసరికి మసక కమ్మింది. ఒక్క పిట్ట కూయలేదు. ఒక మొద్దు మెల్లగా దొర్లి, మమ్మల్ని చూసినట్టు ఆగింది. నాకు నిజంగానే భయం వేసింది.

అప్పుడే దుంగల మధ్య దీపం కనిపించింది. పసుపు పూసిన ఘటం, వేపమండలు, తెప్పకు కట్టిన గాజులు. పోటు నీరు అమ్మవారిని ఎగువకు తోసుకొచ్చి అక్కడ ఇరికించినట్టుంది. పక్క నుంచే దాటాం.

"బావా, ఎనక్కి సూడకు," అన్నాడు కామేశు గొంతు తగ్గించి.

చూడలేదు. నేనంత బుద్ధిమంతుణ్ణి. కాసేపటికి మా వెనక గాజుల గలగల. సాంబ్రాణి వాసన. తెడ్డు గట్టిగా వేస్తే గాజులూ గట్టిగా మోగాయి, ఆపితే ఆగాయి. మా నీడలు మాకంటే ముందు నీళ్ల మీద ఊగుతున్నాయి.

"ఏటి బావా, పడవ ఇంత బరువైపోనాది?" అన్నాను.

"అమ్మోరు ఎక్కిందేటో. మాటాడకు, తెడ్డెయ్యి."

నేను మొక్కుకున్న కొబ్బరికాయలకు ఉద్దానం తోటలన్నీ దింపినా చాలవు.

మేం ఆలస్యమయ్యామని జనం టార్చిలైట్లతో రేవుకొచ్చి నిలబడ్డారు. అందరి చూపూ మా వెనకే ఉంది. అప్పుడు తిరిగి చూశాం. బయల్దేరేటప్పుడు పడవ కట్టుకునే తాడును చుట్టి లోపల పెట్టకుండా నీళ్లలో వదిలేశాను. దాని చివరి కొక్కెం తెప్ప బోదెలో దిగి ఉంది. అమ్మవారు దీపంతో సహా ఊళ్లోకి తిరిగొచ్చేసింది.

కాబోయే అత్తగారు ముందుకొచ్చారు.

"ఊరంతా కలిసి అనిపిన తల్లిని, నువ్వొక్కడివే తిరిగి తెచ్చినావేటి బాబూ?"

సంబంధం తప్పిపోయిందనే అనుకున్నాను. పెద్దలు గుసగుసలాడుకుని, తెచ్చినవాళ్లే దిగబెట్టాలన్నారు. ఆ చీకట్లో, ఆ దుంగల మధ్య నుంచి, ఏడుపొక్కటే తక్కువగా సముద్రం దాకా వెళ్లి, అమ్మవారిని అలల్లో వదిలి వచ్చాం.

విస్తరి ముందు కూర్చున్నాను. అత్తగారు నాకు అన్నం వడ్డిస్తూ పెద్దల వైపు తిరిగారు.

"పంపీసిన అమ్మోరినే ఇంటికి తెచ్చినోడు, మా పిల్లని మద్దిలో ఒగ్గీసి పోడు. ముహూర్తం పెట్టీయండి."

అందుకే అందరి ముందూ ప్రమాణం చేస్తున్నాను. సాగనంపిన ఏ అమ్మవారినీ ఇక జన్మలో ఇంటికి తిరిగి తీసుకురాను. పుట్టింటికి వెళ్లిన మా ఆవిడ మాత్రం ఈ ప్రమాణం కిందికి రాదు.