నేను ఇండియాకి ఆడలేదండి

అది 2023, జూన్ నెల. రాజమండ్రిలో ఒక కాలేజీ గ్రౌండు తీసుకుని నడిపే ఫుట్‌బాల్ అకాడమీలో నేను కోచ్‌గా చేరి అప్పటికి ఆరేళ్ళు. రోజూ పొద్దున్నే కొవ్వూరు నుంచి బండి మీద వంతెన దాటి వచ్చేవాణ్ణి. అంతకుముందు తొమ్మిదేళ్ళు కలకత్తాలో ఒక క్లబ్బుకి స్టాపర్‌గా ఆడాను. స్టాపర్ అంటే గోల్‌కీపర్‌కి ముందు నిలబడి, వచ్చే బంతికీ దాన్ని తెచ్చేవాడికీ అడ్డం పడేవాడు. గోల్ కొట్టినవాడి ఫోటో పేపర్లో వస్తుంది, ఆపినవాడి మోకాళ్ళు పోతాయి. నావి రెండూ పోయాయి. ముప్ఫై రెండో ఏట ఆట మానేశాను.

పేరు వచ్చినప్పుడు ఎలా ఉంటుందని పిల్లలు అడుగుతుంటారు. కలకత్తాలో మా వీధి మిఠాయి కొట్టాయన నన్ను చూడగానే జనాన్ని పక్కకి జరిపేవాడు. మ్యాచ్ ఓడిపోయిన మర్నాడు అదే మనిషి నా మొహం కూడా చూసేవాడు కాదు. కొవ్వూరు స్టేషన్లో దిగితే ఆ రెండూ లేవు. ఏం ఆడతారండీ అని అడిగి, ఫుట్‌బాల్ అని చెబితే, క్రికెట్ కాదా అని జాలిపడేవారు. వాళ్ళతో వాదించే ఓపిక నాకు ఎప్పుడూ లేదు.

ఒక్కసారి మాత్రం భారత జట్టు క్యాంప్‌కి పిలుపు వచ్చింది. ముప్ఫై మందికి పైగా ప్రాబబుల్స్ అని పిలుస్తారు. అంటే జట్టులో ఉండే అవకాశం ఉన్నవాళ్ళు. కొన్నాళ్ళు ఆడించి చూసి, కొందరిని ఉంచుకుని మిగతావాళ్ళని ఇంటికి పంపిస్తారు. ఒక సాయంత్రం గోడకి కాగితం అంటించారు. పై నుంచి కిందికి చదివాను, కింది నుంచి పైకి చదివాను. నా పేరు లేదు. గదికి వెళ్ళి బూట్లు సర్దుకుంటూ చిన్నపిల్లాడిలా ఏడ్చాను. ఆ సంగతి మా ఆవిడకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

మా అకాడమీ యజమాని వెంకట్రాజు గారు మంచి మనిషి. ఆయనకి ఉన్న ఒకే ఒక్క జబ్బు, ఫ్లెక్సీలు. నేను చేరిన ఏడాది కోరుకొండలో టోర్నమెంట్ పెట్టి, నా ఫోటో కింద ‘మాజీ భారత జట్టు ఆటగాడు’ అని నా అరచేతంత అక్షరాలు వేయించారు. అది తప్పండీ, తీయించండి అన్నాను. క్యాంప్ దాకా వెళ్ళారంటే ఆడినట్టే లెక్క, చూసేవాళ్ళకి అంత వివరం దేనికండీ అని నవ్వేశారు. అప్పటికే ఫ్లెక్సీ కట్టేశారు. పెద్దలందరూ వచ్చి కూర్చున్నారు. నలుగురిలో ఆయన మాట తీసెయ్యడానికి నాకు నోరు రాలేదు.

అయినా మైకు నా చేతికి ఇచ్చినప్పుడు ఉండబట్టలేక, నేను ఇండియాకి ఆడలేదండి, క్యాంప్‌కి మాత్రమే వెళ్ళాను అని చెప్పాను. చెప్పడమే పాపం, చప్పట్లు మోగిపోయాయి. ముందు వరసలోని పెద్దాయన లేచి వచ్చి నాకు శాలువా కప్పి, “మనిషికి ఎక్కడా గర్వం లేదండీ” అని మైకులో చెప్పారు. ఖర్మ కాకపోతే ఏమిటి ఇది అనుకుని కూర్చున్నాను. మళ్ళీ ఎప్పుడూ ఆ ప్రయత్నం చేయలేదు. మొహమాటం వల్లనే అని చాలాకాలం చెప్పుకున్నాను. అసలు సంగతి ఏమిటంటే, ఆ మాట వినడం నాకు బాగుండేది. గోడ మీద కాగితంలో లేని పేరు ఫ్లెక్సీ మీద ఉంది కదా.

ఫ్లెక్సీ మీది మాట రెండేళ్ళకి అకాడమీ లెటర్‌హెడ్ మీదికి ఎక్కింది. దాని కింద నేను సంతకాలు పెడుతూ పోయాను.

అలా సంతకం పెట్టిన ఒక ఉత్తరం భవానిది. జంగారెడ్డిగూడెం దగ్గర పల్లెటూరి పిల్ల. పదహారో ఏట మా దగ్గర చేరింది. నాలాగే స్టాపర్. భయం లేదు, నోటంట మాట రాదు, దెబ్బ తగిలితే మట్టి దులుపుకుని లేచేది. తండ్రి ముత్యాలు గారు పామాయిల్ తోటల్లో పొడవాటి గెడకి కొడవలి కట్టి గెలలు కోసే పని చేస్తారు. ఆ పిల్ల రెండుసార్లు రాష్ట్ర జట్టుకి ఆడింది. ఇరవయ్యో ఏట స్పోర్ట్స్ కోటాలో ఒక ఉద్యోగానికి దరఖాస్తు పెట్టింది. కోచ్ ఉత్తరం అడగలేదు గానీ, జతచేస్తే బరువుగా ఉంటుందని రాజుగారు చెప్పారు, నేను రాసిచ్చాను.

వెరిఫికేషన్‌లో, అంటే కాగితాలు నిజమా కాదా అని చూసే దగ్గర, అధికారి ముందు నా సంగతి చూశాడు. భారత జట్టుకి ఆడినవాళ్ళలో ఈ పేరుగలాయన ఎవరూ లేరే అన్నాడట. ఆ పిల్ల సర్టిఫికెట్లలో రెండు మా అకాడమీ నుంచే వెళ్ళాయి. కోచ్ మాటే అబద్ధమైతే ఇవి మాత్రం నిజమని ఎలా నమ్మాలని ఫైలు పక్కన పెట్టేశాడు. సంజాయిషీ ఇవ్వడానికి వారం గడువిచ్చారు.

ఆ జూన్‌లోనే ఒకరోజు ముత్యాలు గారు పొద్దున్నే బస్సెక్కి కొవ్వూరులో మా ఇంటికి వచ్చారు. కుర్చీ అంచున కూర్చుని, జీడిపప్పు పొట్లం బల్ల మీద పెట్టి, ఫైలు ఆగిన సంగతంతా చెప్పారు.

“మీరొక్కసారి ఆఫీసుకొచ్చి కనపడండి సారూ. ఇండియాకి ఆడిన మనిషి ఎదురుగా నిలబడితే ఇంక ఆళ్ళేమంటారు?”

మా ఆవిడ కాఫీ గ్లాసు అక్కడ పెట్టేసి లోపలికి వెళ్ళిపోయింది.

“నేను ఇండియాకి ఆడలేదండి,” అన్నాను.

ఆయన నవ్వారు. ఆ కోరుకొండ పెద్దాయనలాగే నాకు గర్వం లేదనుకున్నారు. రెండోసారి చెప్పాను. నవ్వు పోయింది.

“మరి అంతమంది అంటుంటే ఊరుకున్నారేంటండి?”

గొంతు పెంచలేదు. ఆ ‘అండి’ తీసేసి రెండు తిట్లు తిట్టినా నాకు తేలికగా ఉండేది. పదండి, వెళ్దాం అన్నాను.

ముగ్గురం రైల్లో విజయవాడ వెళ్ళాం. భవాని సర్టిఫికెట్లు ఒళ్ళో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చుంది. అధికారి నాకన్నా చిన్నవాడు, మర్యాదస్తుడు. చెప్పినదంతా విని తెల్లకాగితం ఇచ్చి, ఉన్నది ఉన్నట్టు రాయమన్నాడు. ‘నేను భారత జట్టు తరఫున ఏ మ్యాచ్‌లోనూ ఆడలేదు’ అని నా చేత్తో రాశాను. తొమ్మిదేళ్ళ ఆటలో ఎన్నో ఓటములు చూశాను గానీ, అంత కష్టమైన వాక్యం నేను రాయలేదు. లెటర్‌హెడ్ మీద అలా ఎందుకు ఉందో కారణం కూడా రాయాలన్నాడు. మొహమాటం అన్నాను. “అది కాగితం మీద చెల్లదండి,” అన్నాడు, నవ్వకుండా. నా తప్పు అని రాసి సంతకం పెట్టాను.

సర్టిఫికెట్లు నిజమైనవో కాదో విడిగా కనుక్కుంటామన్నాడు. కనుక్కున్నారు కూడా. అన్నీ నిజమేనని కాగితం వచ్చింది. అది వచ్చేసరికి ఎంపికైనవాళ్ళ జాబితా బయటికి వచ్చేసింది. దాంట్లో భవాని పేరు లేదు. మళ్ళీ ఎప్పుడు పిలుస్తారో ఎవరికీ తెలియదు.

రాజుగారు లెటర్‌హెడ్ మార్పించారు. నాతో ముభావంగా ఉన్నారు కొన్నాళ్ళు. నేను ఆయన్ని ఏమీ అనలేదు. ఆయన అచ్చు వేయించారు, సంతకాలు పెట్టింది నేనే.

నాలుగు నెలల తర్వాత జంగారెడ్డిగూడెం వెళ్ళాను. భవాని అక్కడ ఒక బడిలో ఆటల టీచరుగా చేరింది. గ్రౌండులో ఆడపిల్లల్ని రెండు వరసల్లో నిలబెట్టి పాసింగ్ చేయిస్తోంది. నన్ను చూసి వచ్చి నమస్కారం పెట్టింది. క్షమించమని అడగడానికి వచ్చానని చెప్పాను. దానికి బదులు, ఎప్పుడూ అడగని మాట అడిగింది.

“ఇండియా క్యాంప్‌లో ఎన్ని రోజులున్నారు సార్?”

“పదకొండు.”

“మరి అదే రాయాల్సింది కద సార్. ఇండియా వాళ్ళతో పదకొండు రోజులు ఆడినాయన దగ్గర నేర్చుకున్నానంటే నాకు చాలు. వాళ్ళు రికార్డులు చూసినా మీ పేరు దొరికేది కూడా.”

కోపంగా అనలేదు. అలసిపోయిన గొంతుతో అని, విజిల్ ఊదుకుంటూ పిల్లల దగ్గరికి వెళ్ళిపోయింది.

కొత్తగా చేరిన పిల్లలకి ఇప్పుడు మొదటి రోజే చెబుతాను, క్యాంప్‌కి పిలిచారు, పదకొండు రోజులు ఉంచుకున్నారు, పంపించేశారు అని. వాళ్ళు నోళ్ళు తెరుచుకుని వింటారు. ఆ పదకొండు రోజులు తక్కువని అనుకున్నది లోకంలో నేనొక్కణ్ణే. నేను అలా అనుకున్నందుకు ఉద్యోగం పోయింది మాత్రం ఆ పిల్లకి.