అక్క పెళ్లి క్యాసెట్టు ఎక్కిన రోజు

దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. కంప్యూటర్ ఆగిపోతే వేడో, కరెంటో కారణమై ఉంటుంది. మనిషి పోతే పోయినట్టే. ఇప్పటికీ అలాగే అనుకుంటాను, ఈ ఒక్క సంగతి దగ్గర తప్ప.

రెండువేల సంవత్సరం దాటాక జరిగింది ఇది. అరకులో మాది చిన్న కిరాణా కొట్టు. మా అక్క సరోజ మలేరియా మెదడుకెక్కి చనిపోయింది. ఆమె నవ్వు, మాట మిగిలింది పెళ్లి వీడియో క్యాసెట్టులోనే. ఇక్కడి తేమకి ఆ టేపు బూజు పట్టింది. వేసిన ప్రతిసారీ తెర మీద గీతలు పెరుగుతున్నాయి. పూర్తిగా పాడవకముందే కంప్యూటర్‌లోకి ఎక్కించి సీడీ చేద్దామనుకున్నాను.

నాది పాత మెషిన్. మామూలు వేగంలో బొమ్మ తెగి తెగి వచ్చేది. అందుకని ప్రాసెసర్‌ని దానికి పెట్టిన వేగం కన్నా ఎక్కువలో నడిపాను. ఓవర్‌క్లాకింగ్ అంటారు దాన్ని. బొమ్మ సాఫీగానే వచ్చింది కానీ, కాసేపటికి నీలం తెర పడి అంతా ఆగిపోయేది.

వేగం కాస్త తగ్గిస్తే బొమ్మ మళ్లీ తెగేది. వోల్టేజీ కొంచెం పెంచితే వేడి ఆగేది కాదు. ర్యామ్ మార్చాను. వైజాగ్ నుంచి పెద్ద పవర్ సప్లై తెప్పించాను. ప్రాసెసర్ మీద వేడి లాగే పాత పేస్టు గీకేసి కొత్తది రాశాను. ఏం చేసినా అక్క పీటల మీదికి రాకముందే ఆగిపోయేది.

"ఏటి నాన్నా, మళ్లీ ఆగిపోనాదా?" అనేది అమ్మ. "ఆ టేపు కాస్తా అరిగిపోతాదేమో. దాని నవ్వు ఒక్కసారి ఇనాలిరా."

ఒక ఆదివారం పొద్దున్న, ఇదే ఆఖరుసారి అనుకుని క్యాసెట్టు పెట్టాను. చూస్తూ కూర్చోలేక బయటికొచ్చి, గుమ్మం ముందు అమ్మ పక్కన కూర్చున్నాను. ఇంటికి ఉన్నది ఆ ఒక్క గుమ్మమే.

టేపు అయ్యే వేళకి పక్క వాటాలోని సత్యవతిగారు పెరుగు గిన్నె తిరిగివ్వడానికి వచ్చారు. అడ్డతీగల నుంచి కొత్తగా వచ్చినవాళ్లు. అక్కని చూసి ఎరగరు. అక్క ఫోటోలన్నీ అమ్మ ఎప్పుడో పెట్టెలో దాచేసింది.

"లోపల ఎవరండీ ఆవిడ?" అన్నారు. "కిటికీలోంచి చూశాను. కంప్యూటర్ పక్కన కింద కూర్చుని చీరకొంగుతో విసురుతున్నారు. పిలిస్తే పలకలేదండీ."

పరుగెత్తుకెళ్లాను. ఎవరూ లేరు. పెళ్లి మొత్తం ఎక్కేసింది. ఆఖర్న అక్క ఎవరినో చూసి పకపకా నవ్వుతోంది.

ఫైలు భద్రపరిచి, తెరిచే ఉన్న డబ్బాలోకి తొంగి చూశాను. ప్రాసెసర్ మీది ఫ్యాన్ వైరు ఊడి వేలాడుతోంది. ఫ్యాన్ తిరగడం లేదు. ఆ వేగంలో ఫ్యాన్ లేకుండా నడిస్తే ప్రాసెసర్ కాసేపట్లోనే మాడిపోవాలి. దాని మీది అల్యూమినియం దిమ్మని వేలితో తాకాను. చల్లగా ఉంది.

మర్నాడు వైరు గట్టిగా బిగించి, అవే సెట్టింగులతో ఖాళీ టేపు పెట్టి చూశాను. ఎప్పటిలాగే ఆగిపోయింది. ఆ తర్వాత ఎన్నిసార్లు చూసినా అంతే. ఎందుకో నాకిప్పటికీ తెలియదు.

సత్యవతిగారికి సీడీ చూపించి, ఆవేళ చూసింది అక్కనేనా అని అడుగుదామన్నాను. అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ఒద్దు నాన్నా. తను చూసింది మన సరోజ గుంటని కాదని ఆవిడ అనీసిందంటే, నేనేటైపోవాలి?"

నేను అడగలేదు.