వెచ్చని రింగు

పక్షుల కాళ్లకు గుర్తింపు రింగులు వేసే ఆ మేడం, ప్రతి రింగునూ ముందు అరచేతుల్లో వెచ్చబరిచేది.

ఒక ఉదయం పలమనేరు దగ్గర మామిడితోపులో ఆమె వలకు గుడ్లగూబ చిక్కింది. కర్రతో ఒక రైతు వచ్చాడు.

“దాన్నిట్లియ్యి మేడం, సంపేస్తా. రేత్రి మా ఇంటిమింద కూసింది. మాయమ్మ జరంతో పడుండాది.”

ఆమెకు సాయంగా వెళ్లిన నేను, మూఢనమ్మకాల మీద ఉపన్యాసానికి గొంతు సవరించుకున్నాను. గూబను పట్టుకున్న ఆమె మాత్రం మామూలుగా అంది:

“నా చేతులు ఖాళీ లేవన్నా. ఆ డబ్బాలో రింగు తీసి వెచ్చజెయ్యి. సల్లగా తగిల్తే బెదురుతాది.”

అతను తికమకపడి, కర్ర కిందపెట్టి, రింగును అరచేతుల్లో రుద్దాడు.

“అమ్మను ఆస్పత్రిలో చూపించినావా?”

“యాడ మేడం! దీన్ని తరమడానికే సరిపాయ.”

“నా జీపుండాది. పోదాం.”

అతను రింగు అందించాడు. “ఎచ్చగయింది. బిరీన ఏసెయ్ మేడం.”

గూబ ఎగిరిపోయింది. మేం జీపెక్కాం. కర్ర తోపులోనే ఉండిపోయింది.