క్యాసెట్‌కు రెండో వైపు

పెళ్ళయి బాల్కొండ నుంచి ఆర్మూరు వచ్చిన కొత్తలో నాకు బాగా వచ్చిన పనులు రెండే: బీడీలు చుట్టడం, కథలు చెప్పడం. మొదటిది మా అమ్మ నేర్పింది. రెండోది ఎవరూ నేర్పలేదు, చెప్పమని ఎవరూ అడగనూ లేదు.

ఎనభైల మొదటి సంవత్సరాలవి. మా ఆయన పసుపు మార్కెట్లో రైతుల సరుకు అమ్మిపెట్టే ఒక అడ్తి దుకాణంలో తూకం కాంటా దగ్గర పనిచేసేవాడు. సీజన్‌లో ఇంటికి వస్తే చొక్కా కాలరు నుంచి చెవుల వెనక దాకా పసుపే. స్నానం చేస్తే నీళ్ళు పచ్చగా పారేవి. అన్నం తింటూ ఆ రోజు యార్డులో ఎవరు ఎవరితో జగడం పెట్టుకున్నారో రెండు ముక్కల్లో చెప్పి ఊరుకునేవాడు. మిగతాది నేను కల్పించుకునేదాన్ని.

మధ్యాహ్నం మా ఇంటి ముందు రేకుల పందిరి కింద నలుగురైదుగురు ఆడవాళ్ళం చాటలు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాళ్ళం. వేళ్ళు వాటంతట అవే తునికాకు చుడుతుంటాయి. నోటికి పని ఉండదు. అందుకని కథ మొదలుపెట్టేదాన్ని. నా కథల్లో ఎప్పుడూ ఒక పెద్దమ్మ ఉండేది. ఊరు ఏర్గట్ల. మొగుడి కాలు విరిగితే తనే పసుపు బస్తాలు బండికెత్తించుకుని మార్కెట్‌కు వస్తుంది. వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరి నోరు మూయించి పోతుంది. ఒకరోజు దళారి, ఒకరోజు బస్సు కండక్టరు, ఇంకోరోజు పన్ను పీకుతానన్న డాక్టరు. మా పందిరి కింద ఆ పెద్దమ్మకు మస్తు పేరు.

పక్కింటామె నాకంటే చిన్నది. నన్ను వదినె అని పిలిచేది. ఆమె భర్త దుబాయ్‌లో ఇళ్ళు కట్టే పనిలో ఉండేవాడు. ఆ రోజుల్లో మా వైపు గల్ఫ్‌కు పోయినవాళ్ళ ఇళ్ళలో టేప్ రికార్డర్ ఉండేది. చెప్పాలనుకున్నది క్యాసెట్లో నింపి, సెలవు మీద వచ్చి తిరిగి వెళ్ళేవాళ్ళ చేతికిచ్చి పంపేవారు. ఒకరోజు ఆమె టేప్ రికార్డర్‌ను చంకలో బిడ్డలా పెట్టుకుని వచ్చింది.

"వదినె, గీ క్యాసెట్ నిండుతలేదే. మంచిగున్నం అని చెప్పిన, పిల్లలు మంచిగున్నరు అని చెప్పిన, బర్రె ఈనింది అని చెప్పిన. ఇంకేం చెప్పాల్నో సమజ్ అయితలేదు. రెండో దిక్కు మొత్తం ఉత్తగనే ఉంది."

"అయితే నన్నేం జెయ్యమంటవ్?"

"నీ పెద్దమ్మ ముచ్చట చెప్పు. గంత దూరం ఉత్త క్యాసెట్ పంపుతె బాగుంటదా?"

నాకు సిగ్గేసింది. పరాయి మగవాడు వింటాడని తెలిసి నోరెలా తెరవాలి? ఆ సాయంత్రం మా ఆయనను అడిగాను. ఆయన అన్నం కలుపుకుంటూ, "చెప్పు, ఏమైతది? దినాం నేనే వింటున్న. గా కష్టం జర ఆయినను గూడ పడనియ్యి" అన్నాడు.

మర్నాడు ఎర్ర బటన్ నొక్కగానే నా గొంతు పోయింది. నోట్లోంచి గాలి తప్ప మాట రాలేదు. ఇంతలో గోడ మీద కోడి కూసింది. ఆడవాళ్ళందరూ పక్కున నవ్వారు. ఆ నవ్వుతో నాకూ నవ్వొచ్చి, నవ్వుతూనే కథ అందుకున్నాను. కోడి కూత, నవ్వులు, కత్తెర్ల చప్పుడు, అన్నీ అందులో పడ్డాయి. క్యాసెట్ అయిపోయి టక్కుమన్నదాకా నేను ఆగలేదు.

జవాబు రావడానికి చాలా నెలలు పట్టింది. ఇంట్లో సంగతులన్నీ అయ్యాక, టేపులో ఆమె భర్త గొంతు సవరించుకున్నాడు.

"అక్కా, నీ కథ నేనొక్కన్నే వినలె. సుట్టీ దినం రూముల ఉన్నోళ్ళమందరం కూసోని ఇన్నం. పక్క మంచం కేరళాయినకు తెలుగు రాదు. మేం నవ్వుతుంటె ఆయిన గూడ మస్తు నవ్విండు. పెద్దమ్మ మల్ల మార్కెట్‌కు ఎప్పుడొస్తదో చెప్పు."

వెనకాల ఎవరో, "గా కండక్టర్‌ను ఇడిసిపెట్టొద్దని చెప్పు!" అని అరిచారు.

ఆ టేపును మేం ఎన్నిసార్లు వెనక్కి తిప్పి విన్నామో చెప్పలేను. నాకు కాళ్ళు నేల మీద ఆనలేదు. ఆ తర్వాత మా ఆయనకు సద్ది ఇవ్వడానికి మార్కెట్‌కు వెళ్ళినప్పుడల్లా త్వరగా తిరిగి వచ్చేదాన్ని కాదు. పసుపు కుప్పల పక్కన నిలబడి చెవులు రిక్కించేదాన్ని. తిట్లు, బేరాలు, హమాలీల పరాచికాలు, ఏది విన్నా పెద్దమ్మకు పనికొస్తుందనిపించేది. సంవత్సరాల తరబడి క్యాసెట్లు అలా పోతూ వస్తూ ఉన్నాయి.

తొంభైలు వచ్చాయి. నాకూ కొంచెం ఆశ పెరిగింది. ఇంతమంది వింటున్నారు కదా, అచ్చులో చూసుకుందామని ఒక కథ రాసి హైదరాబాద్‌లోని ఒక వారపత్రికకు పంపాను. తిరిగొచ్చింది. పైన చిన్న చీటీ: కథ పరవాలేదు, భాష సంస్కరించుకోవాలి. నేను భాష మార్చి మళ్ళీ రాశాను. పెద్దమ్మ చేత పాఠ్యపుస్తకంలా మాట్లాడించాను. చదువుకుంటే ఆమె ఎవరో నాకే తెలియలేదు. ఆ కథా తిరిగొచ్చింది.

అంతే, నాకు మాట బందయింది. పందిరి కింద కూర్చుని తల వంచుకుని బీడీలు చుట్టేదాన్ని. వాళ్ళు అడిగితే తలనొప్పి అనేదాన్ని. క్యాసెట్ నింపమంటే గొంతు బాగాలేదన్నాను.

"ఏందే వదినె, కథ చెప్పుమంటె నోట్లె తంబాకు పెట్టుకున్నట్టు జేస్తున్నవ్?" అని పక్కింటామె కసిరింది. పెద్దమ్మను తలుచుకుంటే ఆ చీటీయే కళ్ళ ముందుకొచ్చేది. ఆ ఎండాకాలమంతా అలాగే గడిచింది.

వానలు మొదలయ్యాక ఒక టేపు వచ్చింది. పక్కింటామె నన్ను చెయ్యి పట్టి గుంజుకుపోయి కూర్చోబెట్టింది. అందులో ఆమె భర్త ఇలా అన్నాడు:

"అక్క కథ పంపలేదని మేమే ఒకటి కట్టినం. పెద్దమ్మ దుబాయ్ వస్తున్నది. ఇమానం ఎక్కింది. తిననీకి ఇచ్చిన దాంట్లె ఉప్పు లేదని గా తిండి ఇచ్చే అమ్మాయితోని లొల్లి పెట్టుకుంది. అటెన్క..."

ఇక్కడ ఇంకొకరు అందుకున్నారు. "అటెన్క ఏడ్చింది! ఊరు యాదికొచ్చి ఏడ్చింది!"

"ఏడ్వదు!" అని నేను టేప్ రికార్డర్ మీదికి అరిచాను. "ఆమె ఎందుకేడుస్తది? ఇమానంల గూడ పక్క సీటోనికి పసుపు రేటు చెప్తది, గని ఏడ్వదు!"

పక్కింటామె నన్ను చూసి చాట పక్కన పెట్టేసి పొట్ట పట్టుకుని నవ్వింది. "గొంతు బాగలేదంటివి?"

అప్పుడు గమనించాను, నెలల తర్వాత పెద్దమ్మ నా నోట్లోంచి తన మాటే మాట్లాడింది. నేను పోగొట్టుకున్నాననుకున్న మనిషిని వాళ్ళు అక్కడ, ఇసుకలో, ఆ ఇరుకు రూములో అన్నం పెట్టి కాపాడారనిపించింది. తప్పుగా చెప్పినా సరే, చెప్పుకోకుండా ఉండలేకపోయారు. అప్పటికప్పుడే ఎర్ర బటన్ నొక్కి, ఆమె విమానంలో నిజంగా ఏం చేసిందో చెప్పాను. రెండు వైపులూ నిండాయి. పక్కింటామె ఇంటి సంగతులకు చోటే మిగల్లేదు.

తరువాతి ఏడు ఆయన సెలవు మీద వచ్చాడు. వచ్చిన రెండో రోజే మా పందిరి దగ్గరకు వచ్చి, చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అన్నేళ్ళలో, సెలవుకు వచ్చినప్పుడు కూడా, నేను ఆ మనిషి ముఖం సరిగ్గా చూసిందే లేదు. గొంతు మాత్రం బాగా తెలుసు.

"అక్కా, జర ఎదురుంగ కూసోని వినాల్నని ఉంది."

"నువ్వు ఎదురుంగ ఉంటె నాకు రాదు తమ్మీ" అన్నాను.

ఆయన మెల్లగా మా ఇంట్లోకి పోయి తలుపు దగ్గరికేసుకున్నాడు. "ఇగ నేను దుబాయ్‌ల ఉన్ననుకో" అన్నాడు లోపలి నుంచి. ఆడవాళ్ళు బీడీలు వదిలేసి నవ్వుతుండగా నేను మూసిన తలుపు వైపు తిరిగి మొదలుపెట్టాను. ఎక్కడ నవ్వుతారని ఆశపడ్డానో అక్కడే లోపలి నుంచి నవ్వు వినిపించింది. సగం కథలో తలుపు కొంచెం తెరుచుకుంది. నేను ఆపలేదు. అయిపోయేసరికి ఆయన గడప మీద కూర్చుని, మా ఆయన తువ్వాలతో కళ్ళు తుడుచుకుంటున్నాడు.

ఆ తర్వాత ఊళ్ళోకి టెలిఫోన్ బూత్‌లు వచ్చి క్యాసెట్లు తగ్గిపోయాయి. నా కథలు కొన్ని పెద్దమ్మ భాషలోనే అచ్చయ్యాయి, కొన్ని ఇంకా తిరిగొస్తున్నాయి. తిరిగొచ్చిన రోజు టీ కొంచెం ఎక్కువ చక్కెర వేసుకుని తాగుతాను. తర్వాత పందిరి కిందికి పోయి, ఎవరు ఖాళీగా కూర్చున్నారో చూస్తాను.