వియ్యంకుడు కత్తిరించిన కోటు

ముగ్గురు టైలర్లు చేతులెత్తేసిన పోస్టుమాస్టరు కోటుతో కోటు మామయ్య పేరు మొదటిసారి నలుగురి నోళ్ళలో పడింది. పోస్టుమాస్టరుకు పుట్టుకతోనే ఎడమ భుజం కిందికి జారి ఉండేది. మామయ్య కుట్టాడు, విప్పాడు, మళ్ళీ కుట్టాడు. చివరకు ఆ భుజంలో దూది కూరి, రెండింటినీ గీత గీసినట్టు సమం చేశాడు. ఆ కోటు తొడుక్కున్న పోస్టుమాస్టరు అద్దం ముందు నుంచి ఒక పట్టాన కదల్లేదు. తర్వాత వకీళ్ళు, డాక్టర్లు, ఒకసారి సర్కసు కంపెనీ యజమాని కూడా మామయ్య గుమ్మం తొక్కారు. ఎవరి కోటైనా భుజంలో దూది ఉండాల్సిందే.

దానికి ఎదురు చెప్పినవాడు ఒక్కడే. మామయ్య కూతురి మామగారు, పొరుగూరి టైలరు.

"కోట్లు కుడుతున్నారా బావగారూ, పరుపులు కుడుతున్నారా?" అనేవాడు ఆ వియ్యంకుడు.

"మీ కోటు తొడుక్కున్నవాడు వానలో తడిసిన కోడిలా ఉంటాడు బావగారూ," అనేవాడు మామయ్య.

సంబంధం కలుపుకున్న నాడు మొదలైన ఆ వాదన ఏళ్ళు గడిచినా తెగలేదు. ఈ జూన్ నెలాఖరున వియ్యంకుడు కన్నుమూశాడు.

పలకరింపుకు వెళ్ళిన మామయ్య ముందుగదిలో కూర్చుని, వచ్చినవాళ్ళందరికీ ఆయన గొప్పలు చెప్పాడు. అద్దె మిషను మీద మొదలుపెట్టి పిల్లలందర్నీ పైకి తెచ్చాడనీ, మనవలకు చొక్కా కుడితే జేబు నిండా వేయించిన శనగలు పోసిగానీ ఇచ్చేవాడు కాదనీ, ఇంటిల్లిపాదీ కూర్చుంటేగానీ ముద్ద ముట్టేవాడు కాదనీ.

అప్పుడు వయొలిన్ మాస్టారు వచ్చాడు. నాలుగు మంచిమాటలు చెప్పి, కత్తిరింపుల బల్ల వైపు చూసి తల దించుకున్నాడు.

"మాస్టారి కోటు కత్తిరించి ఉంచి వెళ్ళిపోయారు అన్నయ్యగారూ," అంది వియ్యపురాలు. "కచేరీ దగ్గర పడింది. ఆయన పుచ్చుకున్న గుడ్డ కుట్టకుండా ఏనాడూ ఈ గుమ్మం దాటలేదు. ఇప్పుడు ఇది వెనక్కి వెళితే..."

"ఎందుకు వెళుతుంది చెల్లెమ్మా? నేను లేనూ?" అని మామయ్య టేపు మెడలో వేసుకున్నాడు.

"దూది లేకుండా కుట్టగలవా నాన్నా?" అంది కూతురు.

"నువ్వు నోరు మూసుకుని సూదిలో దారం ఎక్కించు."

చెయ్యి ఊరుకుంటుందా! నలుసంతే కదా అని దూది పెట్టనే పెట్టాడు. ట్రయల్ రోజున మాస్టారు నిటారుగా నిల్చున్నంతసేపూ కోటు భేషుగ్గా ఉంది. వయొలిన్ అందుకుని కమాను ఎత్తాడో లేదో, భుజం లేచి కాలరు చెవులు మూసేసింది.

"అన్నయ్యగారూ, ఇక మాస్టారి వాయింపు మాస్టారికే వినబడదు," అంది వియ్యపురాలు. ఆయన పోయాక ఆ ఇంట్లో అందరూ నవ్వడం అదే మొదలు. మాస్టారూ నవ్వాడు, మామయ్యా నవ్వాడు.

నవ్వి, కత్తెర తీసి భుజం విప్పాడు. గుడ్డను వెలుతురులోకి పట్టుకుంటే వియ్యంకుడి సుద్దగీత ఇంకా ఉంది. మెడ దగ్గర మొదలై ఎక్కడా ఆగకుండా చేతి మీదికి జారిన వంపు. మామయ్య దాని మీద వేలు పెట్టి ఆ చివరిదాకా నడిపించాడు.

"సరే బావా, గెలిచావు," అని గొణిగాడు.

ఆ గీత వెంటే కుట్టాడు. ఈసారి మాస్టారు పాట మొత్తం వాయించినా కాలరు ఉలకలేదు, పలకలేదు. వియ్యపురాలు కోటు భుజం తడిమి చూసింది. "ఇది ఆయన చెయ్యే," అంది. ఆ మధ్యాహ్నం తనే వడ్డించి, అందరితో పాటు కూర్చుని కడుపునిండా తింది.

సాయంత్రం ఇంటి నుంచి భార్య ఫోను. "పలకరించి వస్తానన్న మనిషి అక్కడే కొట్టు తెరిచారా ఏమిటి?"

"తెరిచినట్టే. బావ కత్తిరించినవి ఇంకా ఉన్నాయి. బల్ల ఖాళీ చేసి వస్తా."

"మీ పద్ధతిలోనా, ఆయన పద్ధతిలోనా?"

"బల్ల ఎవరిదైతే పద్ధతీ వాళ్ళదే."

"బాగానే ఉంది. ఇంతకీ వచ్చేదెప్పుడు?"

మామయ్య బల్ల మీది గుడ్డల్ని రోజుకొకటి చొప్పున లెక్కపెట్టి చెప్పాడు.

"జూలై పంతొమ్మిదిన."