నుదుటి మీది చుక్క

దయ్యాలంటే నాకు నవ్వు. ఎమ్మిగనూరు హైస్కూల్లో సైన్సు చెప్పేవాడిని. ఎవరైనా అలాంటి కథ మొదలుపెడితే మధ్యలోనే ఆపి, తప్పెక్కడుందో చూపించేవాడిని. ఇది మాత్రం నా చేతుల్లోనే జరిగింది.

డెబ్బైల చివర్లో, ఆదోనిలో మూతపడిన ఒక స్టూడియో నుంచి ఫోటోలు కాపీ తీసే పాత సామాను కొన్నాను. కింద ఫోటో పెట్టి అద్దం మూస్తే, పైన స్టాండుకు బిగించిన కెమెరా దాన్ని తీస్తుంది. సామాన్ల గది కిటికీకి దుప్పటి కట్టి, సెలవు మధ్యాహ్నాల్లో ప్రింట్లు వేసేవాడిని.

పక్కింటి నాగమ్మ భర్త మగ్గం నేసేవాడు. ఇంట్లో మాటా మాటా పెరిగి, మాధవరంలో అక్క దగ్గరికి పోతానని బయల్దేరినవాడు అక్కడికి చేరలేదు. పది రోజులైంది. ఉన్నది ఒక్కటే ఫోటో, సంఘం కార్డు కోసం తీయించుకున్నది.

"బస్సుల్లో సూపిస్తానన్నా, నాలుగు తీసియ్యి" అంది నాగమ్మ.

మొదటి ప్రింటులో అతని నుదుటి మీద గుండ్రంగా నల్లచుక్క వచ్చింది. అసలు ఫోటోలో నుదురు బోసిగా ఉంది. అద్దం మీద మురికి అనుకుని స్పిరిట్‌తో తుడిచాను. మళ్ళీ వచ్చింది. లెన్సు విప్పి తుడిచాను, బల్బులు జరిపాను, అద్దమే మార్చాను. చివరికి ఫోటోను తలకిందులుగా పెట్టాను. తప్పు మిషన్లో ఉంటే చుక్క ఈసారి గడ్డం మీద పడాలి.

నుదుటి మీదే పడింది. అంతవరకు ఉన్న చిరాకు పోయి నాకు భయం పట్టుకుంది.

ఆరేసిన ప్రింట్లు అమ్మ చూసింది. "పోయినోళ్ళ పటానికి పెట్టే బొట్టు గదరా ఇది. ఎవురు పెట్టినారు?" అంది. ఊరికే ఉండమని కసిరాను.

బ్లేడు మొనతో నాలుగు చుక్కలూ గీకేసి, ప్రింట్లు నాగమ్మకిచ్చి, దొరుకుతాడులేమ్మా అన్నాను.

ఆమె వారం రోజులు ఆదోని, గోనెగండ్ల, పత్తికొండ బస్సులన్నీ ఎక్కి దిగింది. ఆ తర్వాత మాధవరం దగ్గర తుంగభద్రలో శవం దొరికింది. చొక్కా చూసి గుర్తుపట్టారు. ప్రాణం పోయి రెండు వారాలు దాటిందన్నారు. అంటే ఆమె నా దగ్గరికి వచ్చేనాటికే అతను లేడు.

పటం కట్టించడానికి నాగమ్మ అదే ఫోటో మళ్ళీ తెచ్చింది. అదే కెమెరా, అదే లెన్సు. ఈసారి నుదురు శుభ్రంగా వచ్చింది.

పటం గోడకు తగిలించాక ఆమె కుంకుమ భరిణె నా ముందు పెట్టింది. "నేను పెట్టగూడదంట. నువ్వే పెట్టన్నా" అంది. పెట్టాను.

ఆ చుక్క ఎలా వచ్చిందో, ఎలా పోయిందో ఇప్పటికీ చెప్పలేను. నేను దాన్ని గీకకుండా ఉండుంటే, ఆ వారమంతా ఆమె లేని మనిషి కోసం బస్సులెక్కేది కాదేమో. ఆ సంగతి ఆమెకు ఈనాటికీ చెప్పలేదు.