మెట్టతామర తెప్పల ప్రారంభోత్సవం

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. తెలియనివన్నీ వయసుతో పాటు ఒక్కొక్కటిగా వచ్చి చేరాయి. విజయవాడలో చదువు ముగించి, చెరువులు బాగుచేసే ఒక చిన్న సంస్థలో చేరానో లేదో, పామర్రు దగ్గర మా మావయ్య వాళ్ల ఊరి చెరువు నా నెత్తిన పడింది (పడలేదు, నేనే లాక్కున్నాను). ఊరి మురుగంతా చేరి ఆ నీళ్లు పచ్చగా చిక్కబడ్డాయి. గట్టు మీద నడిచేవాళ్లు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునేవారు. మందులూ మిషన్లూ అక్కర్లేదు, వెదురు తెప్పల మీద మెట్టతామర మొక్కలు నాటి నీళ్లలో వదిలితే వాటి వేళ్లే మురికిని పీల్చేస్తాయని ఊళ్లో చెప్పాను. ఎవరూ నమ్మలేదు. అత్తయ్య ఒక్కతే నమ్మింది. "మా పిల్ల చదువుకుంది, పూచీ నాది" అంటూ ఇల్లిల్లూ తిరిగి, వాళ్లు పెరళ్లలో పెంచుకున్న మొక్కలు అడిగి తెచ్చింది. అంతవరకూ ఎవరి గుమ్మంలోనూ చెయ్యి చాచి ఎరగదు ఆవిడ.

ఎండాకాలం, చెరువు బాగా తగ్గి ఉంది. గాలికి కొట్టుకుపోకుండా తెప్పల్ని అడుగున బండరాళ్లకు తాళ్లతో బిగించి కట్టించాను. వేసవిలో కాలవకి నీళ్లు వదలగానే ఊరూరా చెరువులు నింపుకుంటారని మా వైపు పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. నాకూ తెలుసు. ఆ తాళ్లు కట్టించేటప్పుడు గుర్తులేదంతే. కాలవ నీళ్లు వచ్చి చెరువు నిండుతున్నప్పుడు నేను విజయవాడలో ప్రారంభోత్సవానికి ఫ్లెక్సీ వేయిస్తున్నాను (అందులో చెరువు బొమ్మ చిన్నది, నా బొమ్మ పెద్దది).

ఆ ఉదయం ఆటో దిగి నేరుగా మైకు దగ్గరికి వెళ్లాను. చెరువుకు వీపు పెట్టి ఉపన్యాసం మొదలుపెట్టాను. జనం కళ్లింతలు చేసుకుని చూస్తున్నారు. వెనకవాళ్లు లేచి నిలబడ్డారు కూడా. నా మాటకు ఇంత బలముందా అని పొంగిపోయి గొంతు పెంచాను. "ఈ మొక్కలు మన మురికిని మింగేస్తాయి!"

"అమ్మాయ్, ముందు చెరువే మొక్కల్ని మింగుతోంది, వెనక్కి చూడు!" అని ముందు వరసలోంచి ఒకావిడ అరిచింది.

చూశాను. నీళ్లు పైకొచ్చాయి, పొట్టి తాళ్లు తెప్పల్ని రానివ్వలేదు. చివరి ఆకులు మునుగుతున్నాయి. ఒక తాడు తెగి, తెప్ప తలకిందులుగా తేలి, వేళ్లన్నీ అందరికీ చూపించింది. మావయ్య వెళ్లి ఫ్లెక్సీ విప్పడం మొదలుపెట్టాడు.

"మీ మేనకోడలు నిమజ్జనం బాగా చేసింది పిన్నీ" అంది పక్కింటావిడ అత్తయ్యతో. అందరూ నవ్వారు. ఆ నవ్వు నామీదైతే ఎలాగో ఓర్చుకునేదాన్నే. అత్తయ్య తల వంచుకుని ఇంటిదారి పట్టింది. అది చూసి సిగ్గుతో చచ్చిపోయాను.

మర్నాడు పొద్దున్నే అత్తయ్య గంప తెచ్చి నా ముందు పెట్టింది.

"పద."

"ఎక్కడికి అత్తయ్యా?"

"మొక్కలకి. ఈసారి నువ్వే అడుగు. నేను పక్కన నిలబడతా."

ప్రతి గుమ్మంలోనూ గంప ముందుకు చాపి నిలబడ్డాను. మైకు లేకపోతే నాకు మాటే రాదని అప్పుడు తెలిసింది. "నిమజ్జనం అమ్మాయి వచ్చిందే" అని లోపలికి కేకేసేవారు, నవ్వేవారు, మళ్లీ మొక్కలు పెట్టేవారు. వీధి చివర ఒక ముసలావిడ మొక్కలతో పాటు ఇంత లావు తాడు కూడా గంపలో పడేసింది. "మా గేదె పలుపే. పొడుగ్గా ఉంటది, పనికొచ్చిద్ది తీస్కో" అంది. అత్తయ్య పకపకా నవ్వింది. నిన్నటి నుంచి ఆవిడ నవ్వడం అదే మొదలు. నాకు ఏడుపొచ్చేసింది.

చెరువు తేరుకోవడానికి ఏళ్లు పట్టింది. ఇప్పుడా గట్టున ఎవరూ ముక్కు మూసుకోరు. వెళ్లినప్పుడల్లా అక్కడ కాసేపు కూర్చుంటాను. మైకు పట్టుకుని ఊగిపోతున్న ఆ పిల్లను భుజం పట్టి కాస్త వెనక్కి తిప్పాలనిపిస్తుంది. తిరగదులెండి. ఉపన్యాసం ఇంకా సగమే అయిందంటుంది.